కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ నుంచి ఏ యూనివర్సిటీకి మారాలి? ఎంచుకునే పద్ధతి

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో చేరిన తెలుగు విద్యార్థులు, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులు, తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. రెండేళ్లయ్యాక బర్క్లీకి వెళ్లాలా, యూసీఎల్‌ఏకి వెళ్లాలా, ఇంటి దగ్గరే ఉన్న శాన్ హోసే స్టేట్ చాలా? ర్యాంకుల పట్టిక చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థిని విశ్వవిద్యాలయం నేరుగా మూడో ఏడాదిలోకి తీసుకుంటుంది కాబట్టి, మొదటి రెండేళ్లలో ఎంచుకున్న మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు, కావలసిన కోర్సులు పూర్తి చేశారా లేదా అన్నదే అక్కడ మొదట చూస్తారు. అందుకే ఇక్కడ ఎంపిక అంటే పేరుతో మొదలుపెట్టి కోర్సులకు రావడం కాదు, కోర్సులతో మొదలుపెట్టి పేరుకు రావడం. ఈ పని మొదటి టర్మ్‌లోనే మొదలుపెట్టవలసి ఉంటుంది. రెండో ఏడాది అక్టోబరులో దరఖాస్తు తెరిచి, అప్పుడు ఆలోచిద్దామనుకుంటే ఎంచుకోవడానికి మిగిలేది చాలా తక్కువ.

ఇందులో చెప్పినదంతా కాలిఫోర్నియాకే వర్తిస్తుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుతున్నవారికి నియమాలు వేరు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీరు ఇప్పటిదాకా చదివిన ప్రతి కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టు. అనధికారిక ప్రతి చాలు. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద చదివిన కోర్సులు ఉంటే వాటిదీ కావాలి.
- హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాసి ఉంటే వాటి స్కోర్లు.
- హైదరాబాదులోనో విజయవాడలోనో బీటెక్, డిగ్రీ వంటివి కొంతకాలం చదివి వచ్చినవారికి ఆ మార్కుల మెమోలు. ఒక్క సెమిస్టర్ చదివి మానేసినా సరే, అవి అవసరం.
- వలస స్థితి వివరాలు: పౌరులా, గ్రీన్‌కార్డు ఉందా, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్నారా, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నారా.
- ఇంట్లో కూర్చుని ఒప్పుకున్న వార్షిక బడ్జెట్ అంకె. ఈ మాట మాట్లాడుకోకుండా జాబితా రాయడం వృథా.
- ఒక స్ప్రెడ్‌షీట్, లేదా గీతలు గీసిన కాగితం.

1. మేజర్‌ను తేల్చుకోండి, కనీసం రెండింటికి కుదించుకోండి

హైస్కూలు నుంచి నేరుగా చేరేవారు మేజర్ తేల్చుకోకుండా వెళ్లినా కొన్నిచోట్ల నడుస్తుంది. ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి ఆ వెసులుబాటు దాదాపు లేదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్ వంటి మేజర్లకు ఎంపిక ఆ మేజర్‌కు కావలసిన కోర్సుల ఆధారంగానే జరుగుతుంది. రెండు మేజర్ల మధ్య ఊగిసలాడుతున్నట్లయితే రెండింటికీ ఉమ్మడిగా పనికివచ్చే కోర్సులతో మొదటి టర్మ్ నింపుకోండి. కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్, గణితం మూడింటికీ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్ పనికివస్తాయి.

హెచ్చరిక: “ముందు సులువుగా వచ్చే మేజర్‌లో చేరి, తరువాత కంప్యూటర్ సైన్స్‌కు మారతాను” అనే ఆలోచనను పక్కన పెట్టండి. డిమాండ్ ఎక్కువగా ఉన్న మేజర్లలోకి లోపలి నుంచి మారడం చాలా క్యాంపస్‌లలో బయటి నుంచి రావడం కంటే కష్టం. కొన్నిచోట్ల ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ఆ దారి పూర్తిగా మూసి ఉంటుంది. మీరు చేరే మేజర్‌లోనే పట్టా తీసుకుంటారని భావించి ఎంచుకోండి.

2. ఫీజు విషయంలో మీరు ఏ వర్గంలోకి వస్తారో తెలుసుకోండి

కాలిఫోర్నియా నివాసులుగా గుర్తింపు పొందినవారికి కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కు (యూనిట్ అంటే కోర్సు పరిమాణపు కొలత) 46 డాలర్లే కాబట్టి, నివాసులకూ నివాసేతరులకూ మధ్య ఫీజు తేడా వారికి పెద్దగా ఆలోచనకు రాదు. విశ్వవిద్యాలయానికి వెళ్లేసరికి అదే తేడా కొండంత అవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీ, 2025–26లో కొత్తగా చేరిన నివాసేతర విద్యార్థి నుంచి మామూలు ట్యూషన్‌కు అదనంగా ఏడాదికి సుమారు 37,600 డాలర్లు వసూలు చేసింది. గది, భోజనం ఖర్చులు దీనిలో కలవవు.

ఎఫ్-1 మీద ఉన్నవారు ఎన్నేళ్లు ఇక్కడ ఉన్నా నివాసులుగా గుర్తింపు పొందలేరు. హెచ్-4 మీద ఉన్నవారికి ఆ అవకాశం ఉంది. కుటుంబం ఏడాదికి పైగా కాలిఫోర్నియాలో స్థిరపడి ఉండి, పన్నులు, డ్రైవింగ్ లైసెన్సు వంటి ఆధారాలు చూపగలిగితే గుర్తింపు కోరవచ్చు. అసలు చిక్కు 21 ఏళ్లు నిండేటప్పుడు వస్తుంది. గ్రీన్‌కార్డు వరుసలో ఎదురుచూస్తున్న కుటుంబాల పిల్లలు ఆ వయసులో హెచ్-4 కోల్పోయి ఎఫ్-1కు మారవలసి వస్తే, ఫీజు వర్గం కూడా మారిపోయే ప్రమాదం ఉంది. మీ పుట్టినరోజు మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో వస్తున్నట్లయితే, స్థితి మార్పుకు దరఖాస్తు చేయకముందే ఆ విశ్వవిద్యాలయపు రెసిడెన్సీ కార్యాలయాన్ని ఈమెయిల్ ద్వారా అడిగి, రాతపూర్వకమైన జవాబు దగ్గర పెట్టుకోండి. స్నేహితుల ఇళ్లలో విన్నమాట మీద ఆధారపడవలసిన విషయం కాదిది.

ప్రత్యామ్నాయం: నివాసేతర ఫీజు మీ బడ్జెట్‌కు మించినట్లయితే, ఇరవైకి పైగా క్యాంపస్‌లు ఉన్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ, అంటే సీఎస్‌యూ, నివాసేతరులకు కూడా యూసీ కంటే చాలా తక్కువలో పడుతుంది.

3. అసిస్ట్ వెబ్‌సైటులో కోర్సుల ఒప్పందాన్ని చదవండి

మొత్తం పనికి ఇదే గుండెకాయ. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు, ఏ యూసీ లేదా సీఎస్‌యూ కోర్సుకు సమానమో రాష్ట్రమంతటికీ అధికారికంగా చూపేది అసిస్ట్ అనే ఉచిత వెబ్‌సైటు. అందులో విద్యాసంవత్సరం, మీ కాలేజీ, వెళ్లదలచిన క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే రెండు నిలువు వరుసలతో ఒక పేజీ తెరుచుకుంటుంది. ఎడమవైపున విశ్వవిద్యాలయం కోర్సు, కుడివైపున దానికి సమానమైన మీ కాలేజీ కోర్సు ఉంటాయి.

చదివేటప్పుడు మూడు విషయాలు గమనించండి.

మొదటిది, ‘అండ్’, ‘ఆర్’ అనే చిన్న మాటలు. ఎడమవైపు ఒకే కోర్సు ఉండి, కుడివైపు రెండు కోర్సులు ‘అండ్’తో ఒకే గీత కింద బిగించి ఉంటే, రెండూ పూర్తి చేస్తేనే ఆ ఒక్కటి లెక్కకు వస్తుంది. సెమిస్టర్ (ఏడాదికి రెండు టర్మ్‌లు), క్వార్టర్ (ఏడాదికి మూడు టర్మ్‌లు) తేడా ఉన్నచోట ఇది తరచుగా కనిపిస్తుంది. డీ ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. ఓలోనీ, మిషన్, డయాబ్లో వ్యాలీ వంటివి సెమిస్టర్ పద్ధతిలో నడుస్తాయి. యూసీలలో బర్క్లీ, మర్సెడ్ సెమిస్టర్ క్యాంపస్‌లు, మిగిలినవి క్వార్టర్ క్యాంపస్‌లు. డీ ఆంజాలో కాలిక్యులస్ నాలుగు క్వార్టర్ల వరుస; సెమిస్టర్ కాలేజీల్లో అదే విషయం మూడు సెమిస్టర్లలో ముగుస్తుంది. కాబట్టి వరుసలో సగం ఒక కాలేజీలోనూ మిగిలిన సగం మరో కాలేజీలోనూ చదవకండి. మధ్యలో కొన్ని అధ్యాయాలు జారిపోయి, ఒప్పందమే వర్తించకుండా పోవచ్చు.

రెండవది, ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అన్న గుర్తు. విశ్వవిద్యాలయం అడుగుతున్న కోర్సుకు సమానమైనది మీ కాలేజీలో లేదని దాని అర్థం. అప్పుడు రెండు దారులు. పక్క కాలేజీలో ఆ కోర్సు ఉందేమో అసిస్ట్‌లోనే కాలేజీ పేరు మార్చి చూడండి. ఉంటే అక్కడ, చాలాసార్లు ఆన్‌లైన్‌లో, చదవవచ్చు. ఎక్కడా కుదరకపోతే చేరిన తరువాత చదవవలసి వస్తుంది, దానితో పట్టా ఒకటి రెండు టర్మ్‌లు వెనక్కి జరగవచ్చు. ఒక క్యాంపస్‌కు ఇటువంటి ఖాళీలు మూడు నాలుగు కనిపిస్తే, అది ఎంత పేరున్నదైనా మీ కాలేజీ నుంచి దానికి దారి సరిగా లేదన్నమాట.

మూడవది, పేజీ పైభాగంలో ఉండే గమనికలు. చాలామంది నేరుగా కోర్సుల జాబితాకు దిగిపోతారు. ఏవి ఎంపికకు తప్పనిసరి, ఏవి కేవలం సిఫారసు, ఎంత గ్రేడు రావాలి అన్నవి ఆ గమనికల్లోనే ఉంటాయి.

2025 ఫాల్ (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే టర్మ్) నుంచి కొన్ని కోర్సుల నంబర్లు రాష్ట్రవ్యాప్తంగా ఒకే తీరుకు మారుతున్నాయి. ఉదాహరణకు మొదటి ఇంగ్లిష్ కాంపోజిషన్ కోర్సు ఇప్పుడు ఇంగ్లిష్ సీ1000. సీనియర్ ఇచ్చిన పాత జాబితాలోని నంబరు కనిపించకపోతే కంగారు పడవద్దు. మీరు ఆ కోర్సు చదివిన విద్యాసంవత్సరం ఒప్పందాన్ని తెరిచి చూడండి.

4. ఐదారు క్యాంపస్‌లను పక్కపక్కన పెట్టి పట్టిక వేయండి

ఎడమవైపు మీ కాలేజీ కోర్సులు, పైన క్యాంపస్‌ల పేర్లు రాయండి. ఏ కోర్సు ఏ క్యాంపస్‌కు తప్పనిసరో టిక్కు పెట్టండి. ఎక్కువ టిక్కులు పడిన కోర్సులను ముందు చదవాలి. ఒక్క క్యాంపస్‌కే పనికివచ్చే కోర్సులు రెండు మూడు మిగిలితే, ఆ క్యాంపస్ కోసం ఒక అదనపు టర్మ్ వెచ్చించడం అవసరమా అన్న ప్రశ్న అప్పుడు సూటిగా ఎదురవుతుంది. ర్యాంకు పట్టిక చెప్పని విషయాన్ని ఈ కాగితం చెబుతుంది.

మేజర్ ఏదైనా అందరూ చదవవలసిన సాధారణ విద్య కోర్సుల విషయానికి వస్తే, 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరినవారికి క్యాల్-గెట్‌సీ అనే ఒకే నమూనా యూసీకీ సీఎస్‌యూకీ ఉమ్మడిగా వర్తిస్తుంది. అంతకుముందు చేరి, విరామం లేకుండా చదువుతున్నవారు ఐజెట్‌సీ అనే పాత నమూనాలో కొనసాగవచ్చు. అయితే ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం వంటి మేజర్లలో మేజర్ కోర్సులను వదిలి సాధారణ కోర్సులతో టర్మ్‌లు నింపుకోవడం నష్టం. అక్కడ మేజర్‌కు కావలసిన కోర్సులే ముందు.

5. మీ జీపీఏకు ఏది అందుతుందో అంకెలతో చూడండి

యూసీకి దరఖాస్తు చేయడానికి కనీస జీపీఏ, అంటే గ్రేడుల సగటు, కాలిఫోర్నియా నివాసులకు 2.4, ఇతరులకు 2.8. సీఎస్‌యూకు నివాసుల విషయంలో 2.0. ఇవి గుమ్మం దాటడానికి పనికివచ్చే అంకెలు మాత్రమే. నిజమైన పోటీ వేరు. యూసీ తన సమాచార కేంద్రం వెబ్‌సైటులో ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల గణాంకాలను మేజర్ వారీగా ప్రచురిస్తుంది. ప్రతి క్యాంపస్‌లో ఆ మేజర్‌కు ఎందరు దరఖాస్తు చేశారో, ఎందరికి సీటు ఇచ్చారో, సీటు వచ్చినవారిలో మధ్య సగం మంది జీపీఏ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో అక్కడ చూడవచ్చు.

క్యాంపస్ మొత్తానికి ఇచ్చే అడ్మిషన్ శాతాన్ని చూసి మోసపోకండి. ఒకే క్యాంపస్‌లో చరిత్రకూ కంప్యూటర్ సైన్స్‌కూ పోలికే ఉండదు. మీ జీపీఏ ఆ శ్రేణికి కింది అంచు కంటే తక్కువగా ఉంటే ఆ క్యాంపస్‌ను ఆశల జాబితాలో, మధ్యలో ఉంటే అవకాశం ఉన్నవాటి జాబితాలో రాసుకోండి. మూడేళ్ల అంకెలు చూడండి, ఒక్క ఏడాదివి చాలవు.

6. ట్యాగ్ ఒప్పందాన్ని ఎక్కడ వాడుకోవాలో నిర్ణయించుకోండి

డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ – ఈ ఆరు యూసీ క్యాంపస్‌లు నిర్దేశించిన కోర్సులు, జీపీఏ ఉన్న కమ్యూనిటీ కాలేజీ విద్యార్థికి సీటును ముందుగానే హామీ ఇస్తాయి. దీనినే ట్యాగ్ అంటారు. బర్క్లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో క్యాంపస్‌లలో ఇది లేదు. ఒక విద్యార్థి ఒక్క క్యాంపస్‌కే ట్యాగ్ పెట్టవచ్చు. మిగిలినవాటికి మామూలుగా దరఖాస్తు చేయడానికి అది అడ్డు రాదు. ఫాల్‌లో చేరదలచినవారు అంతకుముందు సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి 30 లోపల, యూసీ ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ ప్లానర్ ద్వారా పెట్టాలి. ఎఫ్-1 విద్యార్థులకు కూడా ఈ దారి ఉంది.

అన్ని మేజర్లకూ ట్యాగ్ ఉండదు. ఉదాహరణకు శాంటా బార్బరాలో ఇంజనీరింగ్ కళాశాల ట్యాగ్ పరిధిలోకి రాదు. క్యాంపస్‌ను బట్టి, మేజర్‌ను బట్టి జీపీఏ నిబంధన మారుతుంది, ఏటా సవరిస్తారు కూడా. అందువల్ల ఆ సంవత్సరపు ట్యాగ్ నిబంధనల పత్రాన్నే చూడండి.

అర్హత ఉండి కూడా “చిన్న క్యాంపస్‌కు హామీ ఎందుకు?” అని ట్యాగ్ వదిలేసేవారు ఉంటారు. నా అభిప్రాయంలో ఇది అర్థం లేని బింకం. హామీ చేతిలో ఉన్నవారే బర్క్లీకి ధైర్యంగా దరఖాస్తు చేయగలరు.

సీఎస్‌యూ వైపు ట్రాన్స్‌ఫర్ కోసం ప్రత్యేకించిన అసోసియేట్ డిగ్రీ, అంటే ఏడీటీ, దాదాపు ఇటువంటి పాత్రే పోషిస్తుంది. కానీ అది సీఎస్‌యూ వ్యవస్థలో చోటుకు హామీ ఇస్తుందే తప్ప, మీరు కోరిన క్యాంపస్‌లో కాదు. శాన్ హోసే స్టేట్‌లో అన్ని మేజర్లకూ సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ; ఏడీటీ ఉంది కదా అని అక్కడ చోటు ఖాయమనుకోవడం పొరపాటు.

7. చివరి జాబితాను కూర్చండి

ట్యాగ్ పెట్టిన క్యాంపస్ ఒకటి, సీటు దాదాపు ఖాయమనిపించే సీఎస్‌యూ ఒకటి, అవకాశం ఉన్నవి రెండు, ఆశ పెట్టుకున్నవి ఒకటో రెండో ఉంటే చాలు. యూసీకి ఒకే దరఖాస్తు, కానీ ప్రతి క్యాంపస్‌కూ విడిగా రుసుము పడుతుంది. యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కమ్యూనిటీ కాలేజీల నుంచి చాలామందిని తీసుకుంటాయి గాని అవి అసిస్ట్‌లో కనిపించవు. వాటి సొంత ఒప్పందాల పేజీలు చూడాలి. యూఎస్‌సీ బయటి నుంచి గరిష్ఠంగా 64 సెమిస్టర్ యూనిట్లనే ఒప్పుకుంటుంది.

క్యాంపస్ చూసి రావడం మంచిదే. వెళ్లినప్పుడు భవనాల కంటే అద్దెల సంగతి అడగండి. శాంటా క్రూజ్‌లోనూ శాంటా బార్బరాలోనూ గది దొరకడమే ఒక పరీక్ష. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు హాస్టల్ హామీ ఉందా, ఎన్నేళ్లకు, ఏ తేదీలోగా అడగాలి అన్నది కనుక్కోండి.

8. క్యాంపస్ ప్రతినిధిని ఈ ప్రశ్నలు అడగండి

యూసీ, సీఎస్‌యూ ప్రతినిధులు కమ్యూనిటీ కాలేజీల ట్రాన్స్‌ఫర్ సెంటర్లకు వచ్చి విద్యార్థులను కలుస్తుంటారు. “నాకు సీటు వస్తుందా?” అని అడిగితే ఎవరూ చెప్పరు. ఇలా అడగండి: ఈ కోర్సులతో వస్తే ఎన్ని టర్మ్‌లలో పట్టా పూర్తవుతుంది? మూడో ఏడాది మొదటి టర్మ్‌లో మామూలుగా ఏ కోర్సులు ఇస్తారు? వాటికి ముందు చదివి ఉండవలసినవి నా జాబితాలో అన్నీ ఉన్నాయా? మొత్తం యూనిట్లకు పరిమితి ఉందా?

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*ట్యాగ్ పెట్టి దరఖాస్తు మరచిపోవడం.* ట్యాగ్ ఆమోదం పొందినా, అక్టోబరు, నవంబరు నెలల్లో అసలు యూసీ దరఖాస్తు విడిగా పంపాలి. పంపకపోతే హామీ చెల్లదు.

*యూనిట్లు ఉన్నాయి కదా అనుకోవడం.* యూసీకి 60 సెమిస్టర్ యూనిట్లు, లేదా 90 క్వార్టర్ యూనిట్లు, వాటిలో రెండు ఇంగ్లిష్ కాంపోజిషన్, ఒక గణితం కలిపి నిర్దేశిత ఏడు కోర్సులు ఉండాలి. యూనిట్లు నిండినా రెండో ఇంగ్లిష్ కోర్సు లేక ఆగిపోయేవారు ఉంటారు. సీఎస్‌యూకు ప్రసంగం, రచన, విమర్శనాత్మక ఆలోచన, గణితం అనే నాలుగు కోర్సులు లేనిదే పని జరగదు.

*సీ-మైనస్‌ను పాస్‌గా లెక్కించడం.* యూసీకి ఆ ఏడు కోర్సుల్లోనూ సీ గ్రేడు రావాలి, సీ-మైనస్ చాలదు. గ్రేడు లేకుండా పాస్ పెట్టుకునే కోర్సులకూ 14 సెమిస్టర్ యూనిట్ల పరిమితి ఉంది.

*భారతదేశంలో చదివింది దాచడం.* మార్కులు తక్కువగా ఉన్నాయని బీటెక్ మొదటి సంవత్సరం సంగతి రాయనివారు ఉంటారు. చదివిన ప్రతి కాలేజీ వివరాలూ రాయాలి. దాచినట్లు తేలితే ఇచ్చిన సీటు రద్దవుతుంది. మార్కులను మీరే జీపీఏగా మార్చకండి, మెమోలో ఉన్నవి ఉన్నట్లు నమోదు చేయండి. ఆ కోర్సులు అసిస్ట్ ఒప్పందాల్లోకి రావు కాబట్టి, వాటిని నమ్ముకుని ఇక్కడి మేజర్ కోర్సు వదిలేయడం కూడా తప్పే.

*ఎఫ్-1 విద్యార్థులు డిసెంబరులో ముగించడం.* పాత కాలేజీలో కోర్సు ముగిసిన తరువాతగాని, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు బదిలీ అయిన తరువాతగాని ఐదు నెలల లోపల కొత్తచోట చదువు మొదలవ్వాలి. చాలా యూసీ క్యాంపస్‌లు ఫాల్‌లోనే తీసుకుంటాయి. డిసెంబరులో అన్నీ పూర్తిచేసి సెప్టెంబరు దాకా ఖాళీగా ఉండడం కుదరదు. చివరి కోర్సులను వసంతకాలపు టర్మ్‌కు మిగుల్చుకోండి, నిర్ణయం తీసుకునే ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో తేదీలు సరిచూసుకోండి.

*ఒక్క కౌన్సెలర్ మాటతో ఆగిపోవడం.* కౌన్సెలర్లు వందలమందిని చూస్తారు. వారు రాసిచ్చిన ప్రణాళికను అసిస్ట్ పేజీ పక్కన పెట్టి మీరే ఒక్కో కోర్సూ సరిచూడాలి.

ఎంపిక సరిగా కుదిరిందో లేదో చూసుకునే పద్ధతి

జాబితా పూర్తయ్యాక ప్రతి క్యాంపస్‌కూ ఈ పరీక్ష పెట్టండి. తప్పనిసరి కోర్సులన్నీ చేరబోయే ముందు వసంతకాలం ముగిసేలోగా మీ టైమ్‌టేబుల్లో పడుతున్నాయా? ఆ కోర్సులు నిజంగా ఆ టర్మ్‌లో నడుస్తాయా, లేక ఏడాదికి ఒక్కసారే ఇస్తారా? కేటలాగులో ఉన్నంతమాత్రాన తరగతి ఉంటుందని అనుకోవద్దు, గత రెండేళ్ల టైమ్‌టేబుళ్లు తీసి చూడండి. మీ జీపీఏ 0.1 తగ్గినా జాబితాలో కనీసం రెండు క్యాంపస్‌లు నిలుస్తున్నాయా? రెండేళ్ల మొత్తం ఖర్చు, ఒక టర్మ్ ఆలస్యమైనా, ఇంట్లో ఒప్పుకున్న అంకెలో ఇముడుతుందా? ఈ నాలుగింటిలో ఒకదానికి “కాదు” అని జవాబు వస్తే ఆ క్యాంపస్‌ను తీసేయనక్కర లేదు, కానీ దాని పక్కన మరో క్యాంపస్ ఉండి తీరాలి. రెండింటికి “కాదు” అని వస్తే తీసేయండి.

దరఖాస్తు పంపాక జనవరిలో యూసీ పంపే అకడమిక్ అప్‌డేట్ పూరించడం తప్పనిసరి. ఫాల్ గ్రేడులు, వసంతకాలపు కోర్సులు అందులో నమోదవుతాయి. ఏప్రిల్ చివరికల్లా నిర్ణయాలు వస్తాయి, జూన్ 1లోగా ఒక యూసీ క్యాంపస్‌కు సమ్మతి తెలపాలి. ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ సీటు వసంతకాలపు గ్రేడులకు లోబడి ఉంటుంది, మీరు రాసిన కోర్సును చెప్పకుండా వదిలేసినా సీటు పోవచ్చు. ఒకటి కంటే ఎక్కువ సీట్లు వస్తే, ఒప్పుకునే ముందు రెండుచోట్లా మీ కోర్సులు పట్టా ప్రణాళికలో ఎక్కడెక్కడ కూర్చుంటాయో డిపార్ట్‌మెంట్ సలహాదారును అడిగి, మిగిలిన టర్మ్‌ల సంఖ్యను రాయించుకోండి. ఒకచోట ఆరు క్వార్టర్లు, మరోచోట ఎనిమిది అని తేలితే, ఆ రెండు క్వార్టర్ల ఫీజునూ అద్దెనూ లెక్కవేసి ఇంట్లో చూపించండి.